బ్యాక్టీరియా విషం కణాన్ని ఏం చేస్తుంది: ఐదు నమూనాల ప్రాజెక్టు డైరీ

ఇంకో బడిలో ఎవరైనా ఇవే నమూనాలు చేసుకోవాలనుకుంటే పనికి రావాలని ఈ డైరీ రాస్తున్నాను. నేను విశాఖపట్నంలో, కంచరపాలెం వైపు ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కలిసి చేసిన పని ఇది. పని చేయనివాటి గురించే ఎక్కువ రాశాను. పని చేసినవి చూస్తే అర్థమవుతాయి, చేయనివి ఎవరైనా చెబితేనే తెలుస్తాయి.

ముందుగా కొన్ని నియమాలు. బ్యాక్టీరియాను పెంచలేదు, ఏ విషాన్నీ ముట్టలేదు, రక్తం వాడలేదు. అన్నీ వంటింటి సరుకు, గొట్టాలు, తీగలు, పంపులే. పచ్చి గుడ్డు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఎందుకంటే దాని మీద సాల్మొనెల్లా ఉండవచ్చు.

పిల్లల్లో చాలామంది విషమంటే కణాన్ని కాల్చేసే పదార్థమనుకుంటారు. బ్యాక్టీరియా విషాల్లో ఎక్కువ భాగం ప్రోటీన్లు, ఒక్కోదానికి ఒక్కటే పని. ఒకటి పొరకు చిల్లు పెడుతుంది, ఒకటి ఆగాల్సిన మీటను ఆగనివ్వదు, ఒకటి ఒకే ఒక్క ప్రోటీన్‌ను కోస్తుంది. ఆ పని ఎక్కడ జరుగుతుందో తెలిస్తే వైద్యం ఎక్కడ చెయ్యి పెట్టగలదో, ఎక్కడ పెట్టలేదో తెలుస్తుంది. అందుకే ప్రతి నమూనాకూ ఒకే పరీక్ష పెట్టాను. దాన్ని చూసిన పిల్లవాడు "ఇప్పుడు దీన్ని ఎక్కడ ఆపాలి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి. చెప్పలేకపోతే పిల్లవాడిని కాదు, నమూనాను మార్చాలి.

దశ 1: పొరకు చిల్లు

చూపించాల్సింది స్టాఫిలోకోకస్ ఆరియస్ వదిలే ఆల్ఫా హీమోలైసిన్ పని. పుళ్లలో, సెగగడ్డల్లో ఉండే బ్యాక్టీరియా ఇది. ఈ విషపు అణువు ఒక్కోదానిలో 293 అమైనో ఆమ్లాలుంటాయి. ఏడు అణువులు కణం పొర మీద చేరి వలయంగా అతుక్కుని, పొరలోంచి గొట్టంలా దిగుతాయి. 1996లో దీని నిర్మాణం స్పష్టంగా తెలిసింది. ఎత్తు సుమారు 10 నానోమీటర్లు, లోపల బాగా ఇరుకైన చోట వెడల్పు ఒకటిన్నర నానోమీటర్ల లోపే. ఆ సందులోంచి సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు పోతాయి, కణం లోపలి పెద్ద ప్రోటీన్లు పోలేవు. నమూనాకు ఈ తేడానే కీలకం.

మొదట పెంకు తీసిన కోడిగుడ్డు వాడాం.

1. గుడ్డు తూచాం: 56.4 గ్రాములు.
2. మునిగేంత వినెగర్‌లో ఒక రోజు ఉంచి, వినెగర్ మార్చి మరో రోజు ఉంచాం.
3. కుళాయి కింద వేలితో మెల్లగా రుద్ది మిగిలిన పెంకు తీశాం: 71.8 గ్రాములు.
4. మంచినీళ్లలో ఒక రోజు ఉంచాం: 84.6 గ్రాములు.

సన్నని పగులున్న గుడ్లు మూడో మెట్టులో చితికాయి. కొనేటప్పుడే దీపం ముందు పెట్టి చూసుకోవాలి.

గుడ్డు ఉబ్బింది, చూడ్డానికి బాగుంది. కానీ తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "మేడం, మరి విషం ఎక్కడుంది?" అని అడిగింది. సరైన ప్రశ్న. గుడ్డు పొరకు పుట్టుకతోనే సూక్ష్మమైన రంధ్రాలుంటాయి, అంటే మేము చూపించింది చిల్లు పడ్డాక కనిపించే స్థితి మాత్రమే. చిల్లు పడకముందు ఎలా ఉంటుందో పక్కన లేకపోతే పోలిక లేదు. గుడ్డును పక్కన పెట్టేశాం.

రెండో పద్ధతికి డయాలిసిస్ గొట్టం తెప్పించాం, 12,000 నుంచి 14,000 డాల్టన్ల (అణువు బరువు కొలత) హద్దు ఉన్న రకం. అంతకన్నా పెద్ద అణువులను అది దాటనివ్వదు. ఉప్పు దాటుతుంది, గుడ్డు తెల్లసొనలోని ప్రధాన ప్రోటీన్ సుమారు 45,000 డాల్టన్లు కాబట్టి దాటదు. చిల్లు లేని కణానికి బదులు మామూలు పాలిథిన్ సంచి వాడాం.

ఇక్కడ చాలా అడ్డంకులు వచ్చాయి.

గొట్టాన్ని నిండా నింపితే నీరు లోపలికి రావడానికి చోటు ఉండదు, బరువు దాదాపు పెరగదు. మూడో వంతు ఖాళీ వదిలి, గాలి నొక్కేసి కట్టాలి. ఒక్క ముడి కారుతుంది. చివర రెండుసార్లు మడిచి దారంతో బిగించాలి. కట్టాక పది నిమిషాలు గాలిలో వేలాడదీసి, చుక్క పడలేదని చూసుకున్నాకే తూచాలి.

తూచేముందు తడి అద్దే తీరు ఒకేలా ఉండాలి. పాత నూలు గుడ్డతో ఒకసారి, టిష్యూతో ఒకసారి అద్దితే అదే గొట్టం 0.6 గ్రాము తేడా చూపింది. ఒకే రకం టిష్యూ, రెండు వైపులా ఒక్కోసారి, అంతే. 0.1 గ్రాము చూపే కాటా ఫ్యాను గాలికి ఊగుతుంది కాబట్టి తూకం పూర్తయ్యేదాకా ఫ్యాను ఆపాలి. మా ఊరి ఏప్రిల్‌లో అది చిన్న పని కాదు.

ఒక రోజంతా ఉంచిన తెల్లసొన వాసన పట్టింది. ఈ వేడికి బ్యాక్టీరియా పెరిగి ప్రోటీన్లను విడగొట్టడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత వచ్చే అంకెకు అర్థం లేదు. ఆ కొలతలు తీసేసి, గడువు 6 గంటలకు కుదించాం.

చివరికి నిలిచిన కొలతలు ఇవి. అన్నీ 25.0 గ్రాములతో మొదలయ్యాయి.

1. పాలిథిన్ సంచిలో తెల్లసొన, బయట నీళ్లు: 6 గంటలకు 25.0.
2. గొట్టంలో 0.9 శాతం ఉప్పునీరు, బయట నీళ్లు: అరగంటకు 25.4, ఆరు గంటలకు 25.2.
3. గొట్టంలో తెల్లసొన, బయట నీళ్లు: 6 గంటలకు 28.7.
4. గొట్టంలో తెల్లసొన, బయట కూడా తెల్లసొన: 6 గంటలకు 25.1.

రెండో వరుసను పిల్లలు చాలాసేపు చూశారు. చిల్లులోంచి ఉప్పు అటూ ఇటూ పోగలిగితే త్వరలోనే లోపలా బయటా సమానమవుతుంది, నీటిని లాగే కారణం ఉండదు. నీటిని లాగేది చిల్లులోంచి పోలేక లోపలే మిగిలిపోయిన ప్రోటీన్. ఎర్ర రక్తకణం పగిలేది ఇందుకే. హీమోగ్లోబిన్ లోపలే ఉంటుంది, అయాన్లూ నీరూ లోపలికి వస్తాయి, పొర సాగగలిగినంత సాగి తెగిపోతుంది. నాలుగో వరుసలో బయట కూడా పెద్ద అణువులుంటే ఆ లాగుడు ఆగింది. పరిశోధనశాలల్లో ఇదే ఉపాయంతో చిల్లు వెడల్పు అంచనా వేస్తారు. వేర్వేరు పరిమాణాల చక్కెర గొలుసులను బయట కలిపి, ఏ పరిమాణం దగ్గర కణాలు పగలడం ఆగిందో చూస్తారు.

అన్ని కణాలూ ఇలా పగిలే చనిపోతాయని చెప్పకూడదు. చిల్లులు కొన్నే ఉంటే చాలా కణాలు పొరను బాగు చేసుకోగలవు. ఇంకొన్నిటిలో పొటాషియం బయటికి పోవడం, కాల్షియం లోపలికి రావడమే ఆత్మనాశనానికి సంకేతమవుతుంది. ఈ మాట చీటీ మీద రాసి నమూనా పక్కన అంటించాం.

ఎక్కడ ఆపాలి? ఏడూ కలవకముందే. పిల్లలు ఇంకో జవాబు కూడా చెప్పారు: అసలు తయారు కాకుండా. తీవ్రమైన స్టాఫ్, స్ట్రెప్ ఇన్ఫెక్షన్లలో వైద్యులు బ్యాక్టీరియాను చంపే మందుతో పాటు క్లిండమైసిన్ వంటిది కలపడానికి కారణం ఇదే. అది బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారు చేసే రైబోసోమ్‌ను అడ్డుకుని కొత్త విషం తయారు కాకుండా చేస్తుంది.

ఖర్చు: గుడ్లు 42, వినెగర్ 90, కాటా 480, డయాలిసిస్ గొట్టం 350. ఇప్పటివరకు మొత్తం 962 రూపాయలు.

దశ 2: పొరనే తినేవి

కొన్ని విషాలు చిల్లు పెట్టవు, పొర కట్టడానికి వాడిన కొవ్వునే కోస్తాయి. గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ ఆల్ఫా విషం అలాంటిది. 1941లో మెక్‌ఫార్లేన్, నైట్ అనే శాస్త్రవేత్తలు ఇది లెసితిన్‌ను (పొరలోని ఒక కొవ్వు) విడగొట్టే ఎంజైమ్ అని చూపారు. ఒక బ్యాక్టీరియా విషం ఎంజైమ్‌గా పని చేస్తుందని తెలియడం అదే మొదలు.

ఎంజైమ్ మా దగ్గర ఉండదు, ఉండకూడదు. దాని స్థానంలో గిన్నెలు కడిగే ద్రవం, కణాల స్థానంలో బీట్‌రూట్ ముక్కలు తీసుకున్నాం. సబ్బు పొరను కరిగిస్తుంది, ఎంజైమ్ కోస్తుంది. పని ఒకటి కాదు, ఫలితం దగ్గరగా ఉంటుంది. ఇది కూడా చీటీలో రాశాం.

బీట్‌రూట్ ఎరుపు రంగు కణం లోపలి రిక్తికలో ఉంటుంది. బయటికి రావాలంటే రెండు పొరలు దాటాలి. బయటి నీటిలో ఎంత ఎరుపు చేరితే అంత పొర పోయినట్టు.

రంగును కంటితో కాకుండా అంకెతో చెప్పాలని ఫోనులోని కాంతి కొలిచే అప్లికేషన్ వాడాం. అడుగు పొడవు నల్ల పీవీసీ పైపు, ఒక చివర ఎల్‌ఈడీ, మధ్యలో గాజు గొట్టానికి రంధ్రం, రెండో చివర ఫోను సెన్సార్. తెల్ల ఎల్‌ఈడీతో లేత ఎరుపుకూ ముదురు ఎరుపుకూ తేడా సరిగా రాలేదు. ఈ రంగు పీల్చుకునేది ముఖ్యంగా ఆకుపచ్చ కాంతిని, తెల్ల కాంతిలో మిగతా రంగులన్నీ నేరుగా వెళ్లిపోతాయి. ఆకుపచ్చ ఎల్‌ఈడీ పెట్టగానే అంకెలు విడిపడ్డాయి. గాజు గొట్టం మీద గీతలున్నా, తడి వేలిముద్రలున్నా అంకె మారుతుంది. అన్ని కొలతలకూ ఒకటే గొట్టం వాడి, ప్రతిసారీ తుడవాలి.

బట్టల పొడితో చేసిన వరుస పూర్తిగా తప్పుదారి పట్టించింది. పొడి ఎక్కువయ్యేకొద్దీ నీటి ఎరుపు తగ్గుతూ వచ్చింది, అంటే పొర బాగుపడుతున్నట్టు! నిజానికి బట్టల పొడి క్షారం. ఆ క్షారంలో బీట్‌రూట్ రంగు ఊదాకు తిరిగి, కాసేపటికి పసుపు గోధుమ రంగులోకి విరిగిపోతుంది. బయటికి వచ్చిన రంగును అదే చంపేస్తోంది. తటస్థంగా ఉండే గిన్నెల ద్రవానికి మారాం. పీహెచ్ కాగితంతో ముందే చూసుకుంటే ఈ వరుస అక్కర్లేదు.

ఇంకొకటి. ఎంవీపీ కాలనీ రైతుబజారులో తెచ్చిన బీట్‌రూట్‌ను ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి ఉంచితే, మర్నాడు మంచినీళ్లలోనే ముక్కలు ఎర్రగా కారాయి. అక్కడ గడ్డకట్టిన మంచు స్ఫటికాలు పొరలను ముందే చీల్చేశాయి. బుట్టలో, బయటే ఉంచాలి.

పద్ధతి:

1. స్టీలు స్ట్రాతో బీట్‌రూట్‌ను పొడిచి కడ్డీలు తీసి, 1 సెంటీమీటరు ముక్కలు కోయాలి.
2. కోసిన అంచుల రంగు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడగాలి. ఇది తొందరపడే మెట్టు కాదు.
3. ఒక్కో ముక్క 10 మిల్లీలీటర్ల ద్రావణంలో 30 నిమిషాలు.
4. ముక్క తీసి, కలిపి, కొలవాలి.

ఖాళీ నీటికి 420 లక్స్ వచ్చింది. సబ్బు లేకుండా 401, 0.1 శాతానికి 352, 0.5 శాతానికి 214, 1 శాతానికి 131, 2 శాతానికి 122. పూర్తిగా ఉడికించి పొరలన్నీ చెడగొట్టిన ముక్కకు 118. లాగరిథమ్ తీసి, ఉడికించినదాన్ని నూరుగా తీసుకుంటే కారిన రంగు వరుసగా 4, 14, 53, 92, 97 శాతం. 0.1 నుంచి 1 శాతం మధ్యలోనే కథంతా నడిచింది, ఆ తర్వాత పోవడానికి పొర మిగల్లేదు.

ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు ఈ నమూనా బలహీనంగా జవాబిస్తుంది: త్వరగా, అంతే. గ్యాస్ గాంగ్రీన్‌లో చచ్చిన కండరాన్ని శస్త్రచికిత్సతో వెంటనే తొలగించడం మందులంత ముఖ్యమన్న సంగతి నోటితో చెప్పాల్సి వచ్చింది. నమూనా దానంతట అది చెప్పలేదు.

ఖర్చు: బీట్‌రూట్ 40, ఎల్‌ఈడీ, బ్యాటరీ 95, పైపు 70, గాజు గొట్టాలు 60, ద్రవం 20. కలిపి 285. ఇప్పటివరకు మొత్తం 1,247 రూపాయలు.

దశ 3: ఆగని మీట

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఎక్కువ డబ్బు, ఎక్కువ మార్పులు దీనికే అయ్యాయి.

కలరా బ్యాక్టీరియా పేగు కణాన్ని పగలగొట్టదు. కణం బతికే ఉంటుంది, చూడటానికి మామూలుగానే ఉంటుంది. నీటిని కార్పించేది దాని విషమని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే చూపారు. బ్యాక్టీరియాను వడకట్టేసిన ద్రవాన్ని కుందేలు పేగు భాగంలో పెడితే, బ్యాక్టీరియా కణమొక్కటి లేకపోయినా అందులో నీరు నిండింది.

విషంలో ఐదు ఒకేరకం ముక్కలు పేగు కణం మీది జీఎం1 అనే కొవ్వును పట్టుకుంటాయి. ఆరో ముక్క లోపలికి వెళ్లి జీఎస్ అనే ప్రోటీన్‌కు ఒక రసాయన బిళ్ల తగిలిస్తుంది. జీఎస్ మామూలుగా కాసేపు పని చేసి తనంతట తానే ఆగే మీట. బిళ్ల తగిలాక ఆగలేదు. సీఏఎంపీ (కణం లోపల సందేశం మోసే అణువు) పెరుగుతూ పోతుంది, క్లోరైడ్ ద్వారం తెరుచుకునే ఉంటుంది, క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీరు పేగులోకి పోతాయి. తీవ్రమైన కేసులో పెద్దవాళ్లకు గంటకు లీటరు దాకా పోవచ్చు.

కాబట్టి నమూనాలో "తనంతట తానే ఆగడం" ముందు కనిపించాలి, తర్వాత అది చెడాలి.

అక్రిలిక్ తొట్టెను బోర్డులు చేసే దుకాణంలో కోయించాం, మధ్య గోడతో రెండు అరలు: ఒకటి శరీరం, ఒకటి పేగు. 12 వోల్టుల చిన్న పంపు, టైమర్ రిలే (పెట్టిన సమయానికి ఆపేసే విద్యుత్ స్విచ్). బొత్తాం నొక్కితే పంపు 10 సెకన్లు నడిచి ఆగుతుంది. ఇది ఆరోగ్యంగా ఉన్న కణం. విషానికి ఒక అయస్కాంతం. దాన్ని గోడకు తాకిస్తే లోపలి రీడ్ స్విచ్ మూసుకుని, టైమర్‌ను దాటేసి పంపుకు కరెంటు నేరుగా అందుతుంది.

రీడ్ స్విచ్ అతుక్కుపోయింది. పంపు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు దాని సన్నని పలకలకు ఎక్కువ. అయస్కాంతం తీసేసినా పంపు ఆగలేదు. డాబాగార్డెన్స్‌లో విడిభాగాలు అమ్మే ఆయన చూసి, "ఈ స్విచ్చు పంపు కరెంటుకు ఆగదు టీచరమ్మా, రిలే పెట్టుకోండి" అన్నాడు. అలాగే పెట్టాం. అయస్కాంతం తీస్తే ఇప్పుడు పంపు చక్కగా ఆగింది.

అప్పుడు తోచింది, చెడిపోయినదే నిజానికి దగ్గరగా ఉందని. విషం వెళ్లిపోయినా అది తగిలించిన బిళ్ల ఉండిపోతుంది. ఆ కణం రాలి కొత్త కణం వచ్చేదాకా పరిస్థితి మారదు. పేగు లోపలి పొర కొన్ని రోజుల్లోనే కొత్తదవుతుంది కాబట్టే, నీరు పోకుండా నిలబెట్టగలిగితే రోగి కోలుకుంటాడు. అందుకని రిలేను ఒకసారి అంటుకుంటే తనను తాను పట్టి ఉంచుకునేలా మార్చి కట్టాం. ఇప్పుడు అయస్కాంతం తాకితే చాలు, తీసినా ఆగదు. ఆపాలంటే "కొత్త కణం" అని రాసిన మీట నొక్కాలి.

తర్వాత ప్రవాహం. పంపు నిమిషానికి రెండు లీటర్లు తోసి తొట్టెను వెంటనే ఖాళీ చేసింది. పిల్లలు నవ్వారు తప్ప ఏమీ అర్థం కాలేదు. నిజమైన వేగం కావాలి. కేజీహెచ్ (పెద్ద ప్రభుత్వాసుపత్రి) ఎదురుగా మందుల దుకాణంలో సెలైన్ సెట్లు తెచ్చి, దాని చక్రపు బిగింపుతో ప్రవాహాన్ని తగ్గించాం. పంపు మీద ఒత్తిడి పడి వేడెక్కింది. మధ్యలో 'T' ఆకారపు గొట్టం ముక్క పెట్టి ఎక్కువైన నీటిని తిరిగి అదే అరలోకి వదిలాక సర్దుకుంది.

చుక్కలు లెక్కపెట్టాలనుకున్నాం కానీ కుదరలేదు. ఆ సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. గంటకు లీటరు అంటే నిమిషానికి 333 చుక్కలు, అది ధారే. కొలజాడీ పెట్టి నిమిషానికి 16 నుంచి 17 మిల్లీలీటర్ల దగ్గర బిగించాం. 45 నిమిషాల పీరియడ్ అయ్యేసరికి సీసాలో 740 మిల్లీలీటర్లు చేరింది. పాఠం చెబుతున్నంతసేపూ పక్కన ఆ సీసా నిండుతూ ఉండటమే ఈ దశలో బాగా పని చేసిన భాగం.

మొదట తొట్టెలో ఉప్పునీరే పోశాం, నిజానికి దగ్గరగా ఉంటుందని. పంపు తీగల కొనలు పచ్చబడి తెగాయి. అసలే సముద్రపు గాలి, దానికి తోడు ఉప్పు. పంపు మార్చి, రంగు కలిపిన మంచినీళ్లకు వచ్చేశాం.

ఇక రెండో పంపు, వైద్యం. పేగు కణంలో ఇంకో ద్వారం ఉంది. అది గ్లూకోజ్‌నూ సోడియంనూ కలిపి లోపలికి తీసుకుంటుంది, రెండూ ఉంటేనే తిరుగుతుంది, వాటి వెంట నీరు వస్తుంది. కలరా విషం దీన్ని ముట్టదు. నమూనాలో "ఉప్పు", "చక్కెర" అని రెండు స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వరుసలో కట్టాం. రెండూ వేస్తేనే తిరుగు పంపు నడుస్తుంది. ఒక బృందం వాటిని పక్కపక్కన సమాంతరంగా కట్టింది. అప్పుడు ఒక్క ఉప్పుతోనే పంపు నడిచింది. అలా కడితే పాఠం తలకిందులవుతుంది, తీగల పటం చూసే కట్టాలి.

తిరుగు పంపును మొదట పూర్తి వేగంతో వదిలితే శరీరం అర పొంగిపొర్లింది, ఓఆర్ఎస్ విరేచనాలను ఆపేస్తుందన్న అపోహ కలిగింది. దాన్నీ నిమిషానికి 15 మిల్లీలీటర్లకు బిగించాం. ఇప్పుడు నీరు పోతూనే ఉంటుంది, వస్తూనే ఉంటుంది, శరీరం అరలో మట్టం దాదాపు నిలబడుతుంది. "ఓఆర్ఎస్ ఇచ్చినా ఆగలేదండీ, అందుకే మానేశాను" అని తల్లులు చెప్పే మాటకు జవాబు ఇదే. అది ఆపడానికి కాదు, నింపడానికి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో సెలైన్ అయిపోతున్న వేళ వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే వేలమందిని నిలబెట్టారు. పూర్తిగా నీరసించి తాగలేని స్థితిలో మాత్రం ఆస్పత్రిలో సెలైన్ తప్పదు. ఆ మాట తొట్టె మీదే పెద్ద అక్షరాలతో రాశాం.

తల్లిదండ్రుల సమావేశంలో ఒకావిడ ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసులో కలిపి తాగిస్తున్నానని చెప్పారు. దాంతో ఇంకో బల్ల చేర్చాం. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న లీటరు ప్యాకెట్‌లో సోడియం క్లోరైడ్ 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు. లీటరులో కలిపితే గాఢత 245 మిల్లీఆస్మోల్స్ (నీటిని లాగే కరిగిన కణాల కొలత). రక్తానిది 290 దరిదాపు. అదే పావు లీటరు గ్లాసులో కలిపితే 980. అప్పుడు నీరు లోపలికి రాదు, ఒంట్లోంచి పేగులోకే పోతుంది. దశ 1లోని డయాలిసిస్ గొట్టంలో మంచినీళ్లు నింపి ఆ గ్లాసులో వేసి చూపించాం, అందరి ముందే బరువు తగ్గింది.

ఖర్చు: తొట్టె 1,450, పంపులు 220, మార్చిన పంపు 110, టైమర్ రిలే 180, రెండో రిలే 60, రీడ్ స్విచ్ 40, స్విచ్‌లు 30, అడాప్టర్ 220, సెలైన్ సెట్లు 75, తీగలు, సిలికాన్ 160. కలిపి 2,545. ఇప్పటివరకు మొత్తం 3,792 రూపాయలు.

దశ 4: ఒక్క అణువు చాలు

కంఠసర్పి (డిఫ్తీరియా) విషం కణం లోపల ప్రోటీన్ల తయారీని ఆపుతుంది. రైబోసోమ్ ముందుకు కదలడానికి కావలసిన ఈఎఫ్-2 అనే ప్రోటీన్‌కు బిళ్ల తగిలించి పనికి రాకుండా చేస్తుంది. విషపు చురుకైన భాగం ఒక్క అణువు లోపలికి చేరినా కణం చావగలదని 1978లో ప్రయోగంతో తేలింది.

మొదట పళ్లచక్రాల యంత్రంలో ఒక మేకు పెట్టి ఆపాం. నచ్చలేదు. మేకు ఒక్క చక్రాన్ని ఆపి అక్కడే ఇరుక్కుంటుంది. విషం ఇరుక్కోదు, ఒకదాన్ని చెడగొట్టి ఇంకోదాని దగ్గరికి పోతుంది. యంత్రం పక్కన పెట్టి ఆట చేశాం.

1. 20 మంది పిల్లలు, ఒక్కొక్కరికీ బట్టల క్లిప్పు, దారం, పూసలు. క్లిప్పుతోనే పూస ఎత్తి దారానికి ఎక్కించాలి.
2. ఒకరు విషం. చేతిలో రబ్బరు బ్యాండ్లు. వరుసగా నడుస్తూ క్లిప్పు మూతికి బ్యాండు చుట్టాలి.
3. నిమిషానికోసారి పూసలు లెక్కించాలి.

విషం రాకముందు నిమిషానికి 118 పూసలు. వచ్చిన మొదటి నిమిషంలో 74, రెండో నిమిషంలో 31, మూడో నిమిషంలో ఒక్కటీ లేదు. మొదట కొందరు బ్యాండు విప్పుకున్నారు. ఆ బిళ్లను విప్పే ఏర్పాటు మన కణంలో లేదు కాబట్టి, విప్పకూడదని నియమం పెట్టాం.

తర్వాత తలుపు దగ్గర ఒకరిని యాంటీటాక్సిన్‌గా (విషాన్ని పట్టుకునే మందు) నిలబెట్టాం. విషం గదిలోకి రాకముందు పట్టుకుంటే 118 పూసలూ వస్తాయి. ఒక్క అడుగు లోపలికి వేశాక పట్టుకోవడానికి వీల్లేదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే చెప్పారు, అయితే పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకూడదు కదా అని. వైద్యులు చేసేది సరిగ్గా అదే, అనుమానం బలంగా ఉంటే యాంటీటాక్సిన్ ముందు ఇస్తారు. ఈ నమూనా నేను పెట్టుకున్న పరీక్షలో అన్నిటికన్నా బాగా నెగ్గింది. పదేళ్లకు, పదహారేళ్లకు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) టీకా ఎవరెవరికి మిగిలిపోయిందో ఆ రోజే పేర్లు రాసుకున్నాం.

ఖర్చు: క్లిప్పులు 80, పూసలు 120, బ్యాండ్లు 20. ఇప్పటివరకు మొత్తం 4,012 రూపాయలు.

దశ 5: ఒకే కోత, రెండు ఫలితాలు

ధనుర్వాతం విషమూ, బొటులినం విషంలో బి రకమూ సినాప్టోబ్రెవిన్ అనే ఒకే ప్రోటీన్‌ను, అదే చోట కోస్తాయి. ఇది 1992లో తెలిసింది. నాడీకణం తన సందేశపు సంచులను బయటికి వదలడానికి ఆ ప్రోటీన్ కావాలి. మరి ఒకదానిలో శరీరం విల్లులా బిగుసుకుంటుంది, ఇంకోదానిలో కండరాలు వాలిపోతాయి, ఎందుకు?

ప్లైవుడ్ మీద ఎర్ర బల్బు: వెలిగితే కండరం బిగిసినట్టు. దానికి ఒక తీగ కండరాన్ని నడిపే నాడి. ఆ తీగ మధ్యలో రిలే, దానికి వెళ్లే రెండో తీగ కండరాన్ని ఆపమని చెప్పే నాడి. ఆపే తీగలో కరెంటు ఉంటే బల్బు ఆరుతుంది. రెండు తీగల్లోనూ ఒకే రకం క్రొకొడైల్ క్లిప్పు జతలు పెట్టాం. విషం చేసే పని ఒక జతను విప్పడమే.

ఆపే తీగ విప్పితే బల్బు ఆరదు, ధనుర్వాతం. నడిపే తీగ విప్పితే బల్బు వెలగదు, బొటులినం. మొదట రిలే తీగలు అటూ ఇటూ మారి రెండు సందర్భాల్లోనూ బల్బు ఆరిపోయింది. రిలేలో మామూలుగా మూసి ఉండే కొనకు కట్టాలి, తెరిచి ఉండే కొనకు కాదు.

ధనుర్వాతం విషం గాయం దగ్గర నాడిలోకి ఎక్కి వెన్నుపాములోని ఆపే నాడులదాకా ప్రయాణిస్తుంది. ఆ దారి బోర్డు మీద ఇంకా లేదు. రంగు దీపాల వరుస పెట్టి, ఇమ్యునోగ్లోబులిన్ (విషాన్ని పట్టుకునే మందు) ఏ దీపం దాకా పని చేస్తుందో, ఏ దీపం తర్వాత చేయలేదో చూపాలి. నాడిలోకి ఎక్కాక దానికి అందదు కాబట్టి ఆ హద్దు దగ్గర గోడ గీయాలి. దీపాలు 12 వోల్టులకు వరుసలో కడితే మసకగా వెలిగాయి, సమాంతరంగా కడితే అడాప్టర్ వేడెక్కింది. ఒక్కో దీపానికి వేరే నిరోధకం పెట్టి మళ్లీ కట్టే పని వచ్చే వారం చేస్తాం.

ఖర్చు: ప్లైవుడ్ 150, రిలే 60, బల్బులు 40, క్లిప్పులు 40. ఇప్పటివరకు మొత్తం 4,302 రూపాయలు, దీపాల వరుస ఖర్చు ఇందులో కలపలేదు.